బిడ్డ రాయి

గిద్దలూరు స్టేషన్ గురించి ఎవరైనా అడిగితే మా ఊరివాళ్లు ముందు చెప్పేది అబద్ధమే. పసిబిడ్డను పెట్టి కట్టారట, అందుకే ఇన్ని వానలకు కూడా గోడ నెర్రె విచ్చలేదట. చెప్పేవాడి ముఖం చూస్తే ఆ రోజు తానే పక్కన నిలబడి సున్నం అందించినట్టుంటుంది. గోడ నెర్రె విచ్చకపోవడానికి కారణం గానుగలో బాగా తిరిగిన సున్నం, మూరెడుకు పైగా మందమున్న రాయి, ఆ రాయిని చెక్కిన ఆదెయ్య చేతులు. ఈ సంగతి చెబితే ఎవరికీ రుచించదు. రాయి గురించి వినడానికి ఎవరు కూర్చుంటారు?

నేను కూర్చున్నాను. మా దాదా, అంటే నాయన తండ్రి, బుడే సాహెబ్‌కు స్టేషన్‌కు పోయే దారిలో పొగాకు దుకాణం ఉండేది. ఇప్పుడది నేను చూసుకుంటున్నాను. ఆదెయ్య బతుకు తలకిందులైంది ఆ దుకాణం అరుగు మీద అన్న ఒక్క మాటతో. అందుకని మా దాదా ప్రాణమున్నంతవరకూ ఆ కథ చెప్పడం మానలేదు. మొదలుపెట్టేటప్పుడు ఊరి మీద కోపంతో ఊగిపోయేవాడు. చివరికొచ్చేసరికి లేచి, ఊరికే తక్కెడ తుడుచుకుంటూ నిలబడేవాడు. ఇప్పుడు నా వంతు వచ్చింది, నా పరిస్థితీ అంతే.

ఆదెయ్యది రాయి చెక్కి గోడలు కట్టే కాశెపని. పుట్టింది పెద్దారవీడు పక్క. ధాత నామ సంవత్సరం కరువులో ఇంట్లో సగం మంది పోయారు. మిగిలిన తల్లిని వెంటబెట్టుకుని, ఉలీ సుత్తీ మూటగట్టుకుని, పని ఎక్కడ దొరికితే అక్కడికి నడిచాడు. బావులకు ఒరలు కట్టాడు, రెడ్ల ఇళ్లకు గడపలు చెక్కాడు. అక్కను రాచర్లలో ఇచ్చి ఉన్నారు. ఆ అక్క కూతురు నరసమ్మనే చేసుకున్నాడు. నరసమ్మ చిన్నప్పటినుంచీ ఆయన్ను మామా అనే పిలిచేది, పెళ్లయ్యాక కూడా ఆ పిలుపే. ఈ పిలుపు సంగతి గుర్తుపెట్టుకోండి.

నల్లమలను తొలిచి కంపెనీవాళ్లు రైలుదారి వేస్తున్నారనీ, గిద్దలూరులో స్టేషన్ లేస్తున్నదనీ విని ఆదెయ్య మా ఊరికి వచ్చాడు. అప్పటికి మా ఊళ్లో పెద్ద ఇల్లంటే మట్టి మిద్దెలే. అందుకని స్టేషన్ పని చూడ్డానికి పల్లెల జనం సద్ది కట్టుకుని వచ్చేవాళ్లట. కొండ కింద పగలగొట్టిన రాయి బండ్ల మీద వచ్చి పడేది. నేలకు పరవడానికి మార్కాపురం వైపునుంచి నల్లబండలు వచ్చేవి. పైకప్పుకు అడవి టేకు దూలాలు. సున్నం గానుగలో ఎద్దులు తిరుగుతుంటే ఆ రాతిచక్రం గరగర మా దుకాణం దాకా వినపడేది. టికెట్టు ఇచ్చే కిటికీని మనిషి మెడ దూరేంత మాత్రమే పెట్టారని, లోపలున్నవాడికి జనమంటే అంత భయమా అని మా దాదా నవ్వేవాడు.

ఆ కట్టడానికంతా అందం నడిమి కమానుతో వచ్చింది. ముందు వసారాలోంచి రైలు దగ్గరికి పోవాలంటే ఎవరైనా సరే దాని కిందినుంచే పోవాలి. రెండు పక్కలా స్తంభాలు, వాటి మీదినుంచి వంపు తిరుగుతూ లేచే రాళ్లు. ఏనుగు మీద అంబారీ కట్టుకొచ్చినా తల వంచకుండా పోవచ్చు, అంత ఎత్తు. ఆ కమాను రెండుసార్లు కూలింది. సున్నం ఆరకముందే కింద చెక్క చట్రాన్ని పీకించిన గుత్తేదారు తొందర వల్ల కూలిందని పనివాళ్లందరికీ తెలుసు. ఊరికి మాత్రం అంత చిన్న కారణం ఆనలేదు. అది బలి అడుగుతున్నదన్నారు. తెల్లవాళ్లు పిల్లల్ని గోతాల్లో కట్టి తెస్తున్నారన్నారు. తల్లులు పిల్లల్ని ఆ దారిన పంపడం మానేశారు. గోతంలో బిడ్డను చూసినవాడెవడని మా దాదా అడిగితే ప్రతివాడూ పక్కవాడిని చూపించాడు.

మూడోసారి కమాను పనిని ఆదెయ్యకు అప్పగించారు. వాళ్ల ఇంట్లో తాతలనాటి మాట ఒకటి ఉంది. కమానుకు ఈ పక్క వంపు తల్లి, ఆ పక్క వంపు తండ్రి. ఇద్దరూ ఒకరి మీదొకరు పడబోతుంటే, నట్టనడుమ చివరగా దిగే రాయి ఇద్దరినీ పట్టి నిలబెడుతుంది. ఆ నడిమి రాయిని వాళ్లు బిడ్డ అంటారు. వేరే పేరు వాళ్లకు తెలియదు. బిడ్డను చెక్కినారా, బిడ్డ కొలత సరిపోయిందా, బిడ్డను ఎప్పుడు దించుతారు, ఇట్లాగే మాట్లాడుకునేవాళ్లు.

అప్పటికి ఆదెయ్యకు ఒక కూతురు. పేరు ఓబులమ్మ. మాటలు అప్పుడప్పుడే వస్తున్న పిల్ల, నాయన భుజం దిగేది కాదు. నరసమ్మ రెండో కాన్పుకు రాచర్ల పోతూ పిల్లను కూడా తీసుకుపోబోతే, బండెక్కినట్టే ఎక్కి ఏడ్చి దిగిపోయింది. సరే, అవ్వ ఉంది కదా చూసుకుంటుంది అని నరసమ్మ వదిలిపోయింది. బండి కదిలాక చాలా దూరం వెనక్కి తిరిగి చూస్తూనే ఉందట.

నడిమి రాయి దిగిన రోజు ఆదెయ్య సున్నం చేతులతోనే మా దుకాణానికి వచ్చాడు. భుజం మీద ఓబులమ్మ. మా దాదా పిల్ల చేతిలో ఇంత బెల్లంముక్క పెట్టాడు. అరుగు మీద బండి తోలే యల్లయ్య కూర్చుని ఉన్నాడు. అతనికి ఎక్కడ ఏం జరిగినా తెలియాలి, తెలియకపోతే తనే జరిపించుకుంటాడు.

“ఈసారన్నా నిలుస్తాదా కమాను?” అన్నాడు యల్లయ్య.

“బిడ్డను పెట్టినా. ఇంక యాడికీ పోదు,” అన్నాడు ఆదెయ్య.

అంతే. పొగాకు కట్టించుకుని, పిల్లను ఆడిస్తూ వెళ్లిపోయాడు.

తరవాత వారం తిరక్కుండానే కూలీల గుడిసెల్లో గత్తర దిగింది. వాంతులు, విరేచనాలు, ఇంటికొక శవం. ఓబులమ్మకు పొద్దున తగులుకుంది, దీపాల వేళకు పిల్ల లేదు. శవాలను వెంటనే తీసెయ్యమని కంపెనీ జవాన్లు నెత్తిన కూర్చున్నారు. ఆదెయ్య బిడ్డను తన పైపంచెలో చుట్టుకుని సగిలేరు గట్టున గుంత తీసి పెట్టాడు. పైన చిన్న బండ పరిచాడు. గుంత తీయడానికి సాయమొచ్చిన కూలీ ఆ మర్నాడే ప్రాణభయంతో పారిపోయాడు. ఆ వెనకే ముసలి తల్లి కూడా పోయింది. చూసినవాళ్లంటూ మిగలలేదు. రాచర్లకు కబురు పంపుదామంటే గత్తర ఊళ్లోంచి ఎవరొచ్చినా ఆ పల్లెవాళ్లు పొలిమేరలోనే రాళ్లు పట్టుకుని ఆపుతున్నారు. ఆదెయ్య రెండుసార్లు పోయి రెండుసార్లూ తిరిగొచ్చాడు.

గత్తర తగ్గి, తొలకరి పడి, దారులు తెరిచాక నరసమ్మ చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని మా ఊరికి బయల్దేరింది. బండి యల్లయ్యది. పిల్ల కోసం అటుకులు, చిన్న గాజులు తీసుకుంది. ఆ దారంతా యల్లయ్య ఊరుకున్నా బాగుండేది.

అతను చెప్పాడు. నీ మొగుడు కూతుర్ని స్టేషన్ కమానులో పెట్టినాడమ్మా, నా చెవులతో విన్నా, బిడ్డను పెట్టినా ఇంక పడదని ఆయన నోటితోనే అన్నాడు, దొర ఎంత ముట్టజెప్పినాడో ఏమో. ఆ మాట అన్నప్పుడు పిల్ల అక్కడే బెల్లం చీకుతూ ఉందన్న సంగతి యల్లయ్య మనసులోంచి పూర్తిగా చెరిగిపోయింది. అబద్ధమాడుతున్నానని అతనికి తెలియదు, అదే పెద్ద కష్టం. మా దాదా తర్వాత ఇల్లిల్లూ తిరిగి, నా చేత్తో బెల్లమిచ్చినానయ్యా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. అది ముందురోజు సంగతై ఉంటుందిలే సాయిబూ అని ఆయనకే సర్దిచెప్పి పంపారు.

నరసమ్మ ఇంటికి రాలేదు. బండి దిగి తిన్నగా స్టేషన్‌కు పోయింది. పని చేసుకుంటున్న ఆదెయ్య ఆమెను చూసి ఉలి కిందపడేసి ఎదురొచ్చాడు. ఇన్నాళ్లూ ఒక్కడే మోసిన ఏడుపు పంచుకోవడానికి మనిషి వచ్చిందనుకున్నాడు పాపం.

“మామా, నా బిడ్డను ఆడ పెట్టినావంట,” అన్నది నరసమ్మ కమాను వైపు చూపిస్తూ.

ఆదెయ్యకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నోరు తడబడింది. “బిడ్డంటే రాయే నరసీ. నీకు తెల్వదా, మనింట్ల ఆ రాయిని బిడ్డంటాం గదా.”

ఆమెకు తెలుసు. చిన్నప్పటినుంచీ విన్న మాటే. కానీ కడుపులో మంట రేగుతున్నప్పుడు తెలిసినవి ఎందుకూ పనికిరావు. అట్లయితే పూడ్చిన తావు చూపించమన్నది. ఇద్దరూ సగిలేటికి పోయారు. తొలకరికే ఏరు ఒడ్డు దాటి వచ్చి ఉంది. గట్టు ఆ మేర కోసుకుపోయింది. బండ లేదు, గుంత లేదు, ఎర్రటి నీళ్లున్నాయి. ఆదెయ్య మొలలోతు నీళ్లలో దిగి చేతులతో దేవులాడుతుంటే, నరసమ్మ ఒడ్డున నిలబడి చూసింది. కాసేపటికి చంటివాడు ఏడ్చాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆదెయ్య స్టేషన్ పని చూసే తెల్లదొర కాళ్లు పట్టుకున్నాడు. ఆ నడిమి రాయి ఒక్కటీ తీయనీ, నా పెండ్లాం కండ్లతో చూసుకుంటాది, మళ్లీ నేనే కూలి లేకుండా పెడతానన్నాడు. ఆ రాయి తీస్తే రెండు పక్కలూ కూలవా, కట్టినవాడివి నీకే తెలియదా అని దొర కసిరాడు. ఆదెయ్యకు తెలుసు. ఉలి సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు.

నరసమ్మ మొగుణ్ణి వదిలి పోలేదు. ఆమె తల్లి, అంటే ఆదెయ్య సొంత అక్క, వచ్చి దుమ్మెత్తిపోసి కూతుర్ని రమ్మన్నా కదల్లేదు. బిడ్డ ఉన్న ఊరు వదిలి ఎట్లా పోతుంది? ఒకే ఇంట్లో ఉండి వండిపెట్టింది. మాట మాత్రం ఆపేసింది. కొడుకు మాలకొండయ్యకు మాటలు వచ్చాక వాడితో చెప్పించేది, మీ నాయనను అన్నానికి రమ్మను అని. వాడికి ఊహ తెలిసేనాటికి అమ్మానాయనలంటే అట్లాగే ఉంటారనుకున్నాడు. ఆమె నమ్మిందా అని నేను అడిగితే మా దాదా, పూర్తిగా నమ్మలేదు, నమ్మకుండానూ లేదు అనేవాడు. మామా అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ప్రతి శుక్రవారం చిన్న చెంబులో పాలు తీసుకుని స్టేషన్‌కు పోయేది. బిడ్డ పునాదిలోనే ఉంటుందనుకుని, కమాను ఎడమ స్తంభం మొదట్లో పోసి, పసుపు రాసి, చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. ఒక స్టేషన్ మాస్టరు తరిమేవాడు, ఇంకొకరు చూడనట్టు ఊరుకునేవాడు. ఓబులమ్మ ఉండి ఉంటే ఈడేరే వయసని లెక్క వేసుకుని, ఆ ఏడు ఎర్రచీర ముక్క తెచ్చి స్తంభానికి చుట్టింది. ఏడ్చి ఎరగదు. అక్కడ ఉన్నంతసేపూ ఇంట్లో సంగతులు మెల్లగా చెప్పేదట, తమ్ముడికి పన్ను ఊడిందనీ, మేక ఈనిందనీ.

ఇంక మా ఊరు ఊరుకుంటుందా? ఆమెను చూసి ఇంకొకరు పసుపు రాశారు. పిల్లలు లేనివాళ్లు ముడుపు కట్టారు. రైలెక్కబోయేవాళ్లు స్తంభాన్ని తాకి కళ్లకద్దుకోవడం మొదలుపెట్టారు. యల్లయ్య చచ్చేదాకా వచ్చినవాళ్లందరికీ ఆ స్తంభాన్ని చూపిస్తూనే ఉన్నాడు. ఆదెయ్య చెక్కిన రాయిని ముట్టి మొక్కినవాడే, దారిలో ఆదెయ్య ఎదురైతే బిడ్డను చంపినవాడని పక్కకు తప్పుకునేవాడు. ఇట్లాంటి ఊళ్లో పుట్టినందుకు నాకు సిగ్గుగానే ఉంటుంది.

ఆదెయ్య మళ్లీ కమాను కట్టలేదు. వాకిళ్ల మీద సాపు బండ పరిచే పని ఉంటేనే ఒప్పుకునేవాడు. అందరూ మానేసినా మా దుకాణానికి రావడం మానలేదు. ఒక్కటే మాట అడిగేవాడట. “సాయిబన్నా, ఆ పొద్దు నా బిడ్డకు నువ్వు బెల్లమిచ్చినావు గదా?” ఇచ్చినా ఆదెన్నా, అనేవాడు మా దాదా. ఆ మాట విని తృప్తిగా తల ఊపి వెళ్లిపోయేవాడు. అడిగి అడిగి ఆయనకే అనుమానం వస్తున్నదేమోనని మా దాదా భయపడేవాడు.

ఏండ్లు గడిచాయి. రైలుకు జనం పెరిగారు. మూటలతో అందరూ ఒకేసారి కమాను కింద తోసుకుంటున్నారని, దాన్ని తీసేసి వెడల్పాటి ఇనుప గుమ్మం పెట్టాలని కంపెనీ తలపెట్టింది. పని చూడ్డానికి కరుణాకరం అనే ఓవర్సీరు వచ్చాడు, మెత్తని మనిషి. ఈ కబురు తెలిసినప్పుడు ఆదెయ్య రాతిదుమ్ము దగ్గుతో మంచం పట్టి ఉన్నాడు. లేచి కర్ర పట్టుకుని నడిచి వచ్చాడు. కట్టింది నేనే, విప్పేది కూడా నేనేనని పట్టుబట్టాడు. కరుణాకరం ఆయన దగ్గు చూసి సందేహించాడు గానీ కాదనలేకపోయాడు. ఆదెయ్య ఇంటికి పోయి కొడుకుతో అన్నాడు, రేపు కమాను విప్పుతాండాం, మీ యమ్మను వచ్చి చూడమను.

నరసమ్మ వచ్చింది. ఊరంతా వచ్చింది. కింద చెక్క చట్రం పెట్టి, ఆదెయ్య పైకెక్కి నడిమి రాయి చుట్టూ సున్నం తానే తొలిచాడు. వణుకుతున్న చేతులు ఉలి పట్టగానే నిలకడగా ఆడాయట. తాళ్లు కట్టి రాయిని మెల్లగా దించారు. తర్వాత వంపు రాళ్లు ఒక్కొక్కటే దించారు. స్తంభాలు విప్పారు. ఎడమ స్తంభం కింద పునాది దాకా తవ్వారు. ఒక చిన్న ముంతలో పునాది వేసిననాడు పెట్టిన, మగ్గిపోయిన నవధాన్యాలు కనపడ్డాయి. ఇంకేమీ లేదు. రాయి, కంకర, సున్నం. జనంలో ఒకరిద్దరు మెల్లగా ఇంటి దారి పట్టారు.

నరసమ్మ లేచి గుంత దగ్గరికి వచ్చి లోపలికి చెయ్యి పెట్టి తడిమింది. తలెత్తి మొగుడి వైపు చూసింది.

“మామా, లేదు,” అన్నది.

ఈ మాట కోసం ఆయన సగం బతుకు కాచుకున్నాడు. ఆ పిలుపు కోసం కూడా. ముఖం విప్పారింది. “చెప్పినా గదా నరసీ. ఏట్లో పోయింది, చెప్పినా గదా,” అన్నాడు.

ఆమె ఆ గుంత ఒడ్డున కూలబడింది. ఇన్నేండ్లలో ఎవరూ చూడని ఏడుపు అప్పుడు ఏడ్చింది. “నువ్వు పెట్టలా. నిజమే, నువ్వు పెట్టలా. నిన్ను అన్యాయంగా ఉసురుపెట్టినా. కానీ ఈడ నా బిడ్డుందనుకోని ఇన్నాళ్లు వచ్చి మాట్లాడుకుంటి. నాకొక తావుండె మామా. ఇప్పుడు యాడికి పోవాల నేను?”

మా దాదా అక్కడే ఉన్నాడు. ఆదెయ్య ముఖంలో అంతసేపూ ఉన్న వెలుగు ఎట్లా పోయిందో చూశాడు. గెలిచిన మనిషి గెలిచిన చోటే కూలిపోవడం నేను మళ్లీ చూడలేదురా అనేవాడు. ఆదెయ్య కర్ర పక్కన పడేసి, దించిన నడిమి రాయి దగ్గరికి పాకుతున్నట్టు పోయి, దాని మీది సున్నం అరచేత్తో తుడిచాడు.

“యాడికీ పోవద్దు,” అన్నాడు. “ఇదో, ఈ రాయే మన బిడ్డ నరసీ. మనింట్ల దీన్ని బిడ్డనే అంటాం గదా.”

బిడ్డంటే రాయేనని ఒప్పించడానికి ఎన్ని ఏండ్లు తిరిగాడో, ఆ మనిషే ఇప్పుడు రాయే బిడ్డ అన్నాడు. కరుణాకరం అంతా విని, ఆ రాయిని తీసుకుపొమ్మన్నాడు. మాలకొండయ్య బండి మీద ఇంటికి తెచ్చి పెరట్లో వేపచెట్టు కింద పెట్టాడు. స్టేషన్‌కు ఇనుప గుమ్మం వచ్చింది. కమాను పోయినా మా ఊరి నోట్లో కథ పోలేదు. బిడ్డను వేరే గోడలో పెట్టి ఉంటారులే అన్నారు.

ఆ తర్వాత ఆదెయ్య ఎక్కువ కాలం లేడు. ఉన్న ఆ కొద్ది నెలలూ నరసమ్మ ఆయన్ను తానే అన్నానికి పిలిచేది, మామా రా అని. ఆయన ఒక్కోసారి వినపడనట్టు కూర్చునేవాడట, రెండోసారి పిలిపించుకోవడానికి.

ఆయన పోయిన రోజు ఊరి పక్క మిట్ట మీద పూడ్చారు. మా దాదా మట్టి వేసి వచ్చేస్తుంటే నరసమ్మ ఆపి, ఇంకొక పని ఉందన్నది. మాలకొండయ్యనూ, ఇంకో ముగ్గురినీ ఇంటికి పంపి పెరట్లోని రాయి మోయించి తెప్పించింది. ఆదెయ్య తల వైపు తానే చేత్తో నేల చదును చేసి పెట్టించింది.

“నాయన భుజం దిగేది గాదు,” అన్నది. “ఆయన కాడనే ఉండనీ.”

శుక్రవారం వచ్చింది. పాలచెంబు తీసుకుని ఆమె స్టేషన్ ముందునుంచే నడిచి, మా దుకాణం దగ్గర ఆగి ఇంత బెల్లం అడిగి తీసుకుని, మిట్ట వైపు పోయింది.